ఆలస్యం క్లయింట్‌ది, లెక్క మనది

రామగిరిలో ఇంట్లో కూర్చుని బెంగళూరు ఏజెన్సీకి కోడ్ రాసినా, ధర్మవరం పట్టు షాపుకు ఆన్‌లైన్ స్టోర్ చేసిచ్చినా, ప్రాజెక్టు చెడేది దాదాపు ఒకే చోట. క్లయింట్ తానివ్వాల్సింది టైముకు ఇవ్వడు. రెండు నెలలయ్యాక "ఎందుకు లేటైంది?" అని మిమ్మల్నే అడుగుతాడు. అప్పటికి మీ దగ్గర రాతపూర్వకంగా ఏమీ లేకపోతే ఆ ఆలస్యం మీ ఖాతాలోకే వస్తుంది.

ఒక లెక్క వేద్దాం. పట్టు షాపు సైట్, ఫిక్స్‌డ్ ధర 1,20,000 రూపాయలు, గడువు 6 వారాలు. అంటే 30 పనిదినాలు, రోజుకు 4,000. చీరల ఫొటోలు, ధరల పట్టిక మొదటి వారాంతానికి ఇస్తానన్న ఓనర్ శ్రావణమాసం బేరాల్లో పడి నాలుగో వారం చివర ఇచ్చాడు. 15 పనిదినాలు పోయాయి. అలాగని 60,000 అడక్కండి. ఆ రోజుల్లో మీరు కార్ట్, లాగిన్, అడ్మిన్ పేజీలు చేసుకున్నారు. నిజంగా పని ఆగింది 7 రోజులే అయితే మీ నష్టం 28,000. మిగతాది మీరే తీసేయండి. మీరు తీయకముందే ఓనర్ పట్టుకుంటే ఆ తర్వాత మీరు చెప్పే ఏ లెక్కా నమ్మడు.

ఆ 28,000 కూడా పూర్తిగా చేతికొస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఒప్పందంలో లేని ఖాళీ రోజులకు ఏ వ్యాపారీ డబ్బివ్వడు. ఆ అంకెను బేరానికి వాడుకోండి. గడువు పొడిగించమనండి, తర్వాతి వాయిదా ఇప్పుడే అడగండి. "అన్నట్టు, వాట్సాప్ ఆర్డర్లు కూడా పెట్టు" అన్న మాటకు మాత్రం వేరే కోట్ ఇవ్వండి. ఆలస్యాన్నీ అదనపు పనినీ ఒకే బిల్లులో కలిపితే రెండింటికీ కలిపి తగ్గించమంటారు.

పని ఆగిన రోజే మెసేజ్ పంపాలి, నెలాఖరుకు కాదు. "అన్నా, ఫొటోలు 10వ తేదీకి రావాల్సింది, ఇంకా రాలేదు. ఇవాళ్టి నుంచి కేటలాగ్ పని ఆగింది. ఎన్ని రోజులు ఆలస్యమైతే డెలివరీ అన్ని రోజులు వెనక్కి పోతుంది." ఇంతే చాలు, కోపం అక్కర్లేదు. పట్టు, జరీ ఇవ్వకుండా చీర ఎప్పుడిస్తావని మగ్గం దగ్గర అడగకూడదని ఆ ఓనర్‌కు మనం చెప్పక్కర్లేదు.

ఒప్పందంలో ఎక్కువమంది ఇరుక్కునే వాక్యం "సైట్ లైవ్ అయ్యాక మిగతా 50 శాతం". లైవ్ కావాలంటే పేమెంట్ గేట్‌వే కావాలి, దానికి ఓనర్ పాన్, బ్యాంకు వివరాలు, కేవైసీ కావాలి. ఆయన కదలకపోతే మీ డబ్బూ కదలదు. వాయిదాను మీరిచ్చే టెస్ట్ లింక్‌కు ముడిపెట్టండి. 10 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టేనని రాయండి.

చట్టం కొంత మనవైపే ఉంది. 1872 భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 67 ప్రకారం, పని చేయడానికి కావాల్సిన సౌకర్యం ఇవ్వనివాడు ఆ కారణంగా పని జరగలేదని తప్పు పట్టలేడు. అందులో ఉదాహరణ ఇల్లు రిపేరుది. ఎక్కడెక్కడ పాడైందో ఇంటాయన చూపించకపోతే మేస్త్రీ తప్పు కాదు. అయితే ఈ సెక్షన్ నింద తప్పిస్తుందే గాని, ఇన్వాయిస్ పాస్ చేయించదు. దానికి చిన్న సంస్థలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఉచితం, పని ఒప్పుకోకముందే చేయించుకోండి. అది ఉంటే 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం కింద ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. వసూలుకు ఆ చట్టం కిందున్న ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. వెళ్తే ఆ క్లయింట్‌ను వదులుకున్నట్టే, అది ముందే లెక్కలో పెట్టుకోండి.

హిందూపురం, పెనుకొండ వైపు ఫ్యాక్టరీలకు ఏజెన్సీ కింద పనిచేస్తుంటే ఇంకో జాగ్రత్త. వీపీఎన్ యాక్సెస్, టెస్ట్ డేటా ఇవ్వాల్సింది ఫ్యాక్టరీ, మీకు డబ్బివ్వాల్సింది ఏజెన్సీ. "వాళ్లు మాకిస్తే మేం మీకిస్తాం" అన్న షరతు ఉంటే సంతకానికి ముందే కొట్టేయించండి. అదనపు పనికి సవరించిన పర్చేజ్ ఆర్డర్ (పీఓ) రాకముందు కోడ్ ముట్టుకోవద్దు. మేనేజర్ ఫోన్లో సరేనన్న మాటను అకౌంట్స్ వాళ్లు లెక్కలోకి తీసుకోరు.

క్లయింట్ ఎవరైనా, 20 పనిదినాలు జవాబు రాకపోతే ప్రాజెక్టు నిలిపినట్టేనని, మళ్లీ మొదలుపెట్టే తేదీ మీ వీలును బట్టి ఉంటుందని, రీస్టార్ట్ ఫీజు ముందే కట్టాలని ఒక క్లాజ్ పెట్టండి. ఆ మధ్యలో ఇంకో పని ఒప్పుకోండి.