మందు కన్నా ముందు మడి



కొత్త ఇంటి పెరట్లో కూరగాయలు, పండ్ల పొదలు వేస్తానన్నావు, చాలా సంతోషం. పురుగు పడితే ఏ కషాయం కొట్టాలని అడిగావు. అది చివర అడగాల్సిన ప్రశ్న, అమ్మాయీ. ఏ మొక్క పక్కన ఏ మొక్క ఉండాలి, ఏ మడిలో ఏది మళ్లీ వేయకూడదు అన్నది ముందు తేల్చుకో. పురుగు సంగతి విత్తనం వేయకముందే సగం తేలిపోతుంది.

ఎందుకంటావా, పేనుబంకనే తీసుకో. ఆడపురుగు మగదానితో పని లేకుండానే పిల్లలను కంటుంది. వారం పది రోజుల్లో ఆ పిల్లలూ కనడం మొదలుపెడతాయి. దాన్ని తినే అక్షింతల పురుగు మాత్రం పేనుబంక పట్టాకే వచ్చి గుడ్లు పెడుతుంది, కాబట్టి ఎప్పుడూ కొన్నాళ్లు వెనకే ఉంటుంది. ఆ కొన్నాళ్లూ ఓపిక పట్టలేక మందు కొడితే రెండూ చస్తాయి. మిగిలిన నాలుగు పేనుబంకలకు తినడానికి మొక్క ఉంటుంది. మిగిలిన అక్షింతల పురుగుకు తిండి ఉండదు. మందు కొట్టిన తోటలో పురుగు మళ్లీ మరింతగా విరుచుకుపడటానికి కారణం ఇదే. పైగా అక్షింతల పురుగు పిల్ల దశలో నల్లగా, నారింజ మచ్చలతో వికారంగా ఉంటుంది. అదే చీడ అనుకుని నలిపేసేవాళ్లు చాలామంది. నువ్వు ముందు దాన్ని గుర్తుపట్టడం నేర్చుకో.

అందుకే మిత్రపురుగులు ఆకలితో వెళ్లిపోకుండా తోటను గీసుకోవాలి. గట్టు వెంట అలసంద వెయ్యి. దాని మీది పేనుబంక ఎక్కువగా పప్పుజాతి మొక్కలనే అంటిపెట్టుకుంటుంది, కానీ అక్షింతల పురుగులకు అది నిత్యాన్నదాన సత్రం. కొత్తిమీర కొంత కోయకుండా పూతకు వదులు. గొంగళిపురుగుల్లో, వాటి గుడ్లలో పెరిగే చిన్న కందిరీగలకు ఆ పూల తేనె కావాలి. టమాటా సాళ్ల మధ్య బంతి ఉంటే కాయతొలుచు పురుగు తల్లి బంతి మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది, బంతి వేళ్లు నులిపురుగులను తగ్గిస్తాయి. టమాటా, వంగ, మిరప ఒకే కుటుంబం. ఒకదాని వెనక ఒకటి అదే మడిలో వద్దు. బీర, సొర పందిరి ఉత్తరం వైపు వేస్తే మిగతా మడులకు నీడ పడదు. స్ట్రాబెర్రీ మీద మనసు పడకు. లంబసింగి చలిలో పండేదానికి మన మైదానాల ఎండ గిట్టదు. వాక్కాయ, మల్బరీ పెట్టు. వాక్కాయ ముళ్లకంచెగా పనికొస్తుంది, పప్పులోకీ పచ్చడికీ వస్తుంది. పండ్ల కోసం వచ్చే గోరువంకలు, పిగిలిపిట్టలు గొంగళిపురుగులనూ ఏరుకు తింటాయి.

ఇలా చూస్తూ కూర్చుంటే పంట పోదా అంటావు. కొన్నిటి విషయంలో పోతుంది, ఆ మాట నిజమే. పండు ఈగ పిల్లలు కాయ లోపలే ఉంటాయి గనుక మిత్రపురుగులకు అంతగా అందవు. బీర, కాకర పిందెలకు కాగితం సంచి తొడుగు, రాలిన కాయలను మడిలో ఉంచకు. వంగలో వాడిన మొవ్వను తుంచి నాశనం చెయ్యి. బెండకు పల్లాకు తెగులు వస్తే మందు లేదు. తెల్లదోమ మిగతా మొక్కలకు అంటించకముందే ఆ మొక్క పీకెయ్యాలి. ఇవన్నీ చేతితో చేసే పనులే. ఉదయం పది నిమిషాలు ఆకు అడుగు తిప్పి చూసే అలవాటు ఏ సీసాకన్నా మేలు.

ప్రకృతిలోది కదా, ఎంత కొట్టినా ఏం కాదనుకోవద్దు. పొగాకు కషాయం సహజమే, కానీ నికోటిన్ మనిషికీ తేనెటీగకూ విషం. తినే మొక్కల మీద దాన్ని వాడకు. వేప గింజల కషాయం మంచిదే: లీటరు నీటికి 50 గ్రాముల పొడి, రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లాలి, ఎండకు దాని శక్తి పోతుంది. అది పురుగును వెంటనే చంపదు, తిండి మాన్పిస్తుంది, ఎదగనివ్వదు. మరుసటి రోజే ఫలితం లేదని మళ్లీ మళ్లీ కొట్టకు.

ఇదంతా తీరిక ఉన్నవాళ్ల సరదా అనేవాళ్లుంటారు. కానీ అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామ రైతులు పత్తికి పురుగుమందులు మానేశారు. బతుకుతెరువుకు పండించేవాళ్లు చేయగలిగినది నాలుగు మడుల పెరట్లో సాగదా?

విత్తనాలు కొనకముందే ఎండ ఎటు నుంచి ఎటు పోతుందో చూసి, మడులు కాగితం మీద గీసి నాకు పంపు.

నీ మావయ్య