అలిగిన బతుకమ్మ నాడు

కరీంనగర్

బిడ్డా,

పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు వాడకట్టు పిలగాండ్లు డీజే డబ్బాలు తెస్తే నేను లొల్లిజేసి వాపస్ పంపిన గదా. చప్పట్లుండంగ బతుకమ్మకు ఇంకో వాయిద్యం ఎందుకని అందరి ముంగట గట్టిగనే అన్న. నువ్వు మూతికి చున్నీ అడ్డం పెట్టుకొని నవ్వినవు. ఎందుకు నవ్వినవో నాకెరుకే. దానికి మూడొద్దుల ముందు రాత్రి నీ ఫోను పట్టుకపోయి మిద్దె మీద నేనేం విన్ననో నువ్వు చూసినవు.

దాచేదేముంది? ‘అల్లిపూల వెన్నెల’నే విన్న. 2021ల తెలంగాణ జాగృతి చేయించిన పాట. రాసింది మిట్టపల్లి సురేందర్, సంగీతం ఏ.ఆర్. రహ్మాన్, తీసింది గౌతమ్ మీనన్. అదిగూడ ఏ దినం విన్న? ఆరోనాడు. అలిగిన బతుకమ్మ అని మనం పువ్వు పేర్వని నాడు, ఆట ఆడని నాడు. ఒక్కపొద్దు ఉండి చాటుంగ మలీద ముద్ద నోట్లె ఏసుకున్నట్టే. ఒక్కసారి గాదు, నాలుగు సార్లు విన్న.

వేములవాడల మా అమ్మ పాడంగ పెరిగినదాన్ని నేను. అక్కడ సద్దులు ఏడోనాడే, ఇక్కడ తొమ్మిదోనాడు. పెండ్లైనంక తల్లిగారింట్ల ఒకసారి, అత్తగారింట్ల ఒకసారి, ఏడాదికి రెండు సద్దులు ఆడిన. అమ్మది బొంగురు గొంతు. ఒక చరణం మర్చిపోతే పక్కామె అందుకునేది. చంకల పిల్ల ఏడిస్తే పాట ఆగేది. నడుము వంగని ముసలోళ్లు ఒక అడుగు ఎనుకవడితే చప్పట్లు గుడ నిమ్మళమయ్యేటియి. ఫోన్ల పాట ఎవలికోసం ఆగది. గొంతుల గరగర లేదు, ఊపిరి పీల్చిన చప్పుడు లేదు. అయినా అది అయిపోయేసరికి నా కండ్లల్ల నీళ్లు. సిగ్గనిపించింది బిడ్డా, అమ్మ పాటకు ఎన్నడు ఏడ్వలే. చప్పట్లు కొట్టుకుంట వంగి లేచేటోళ్లకు ఏడ్వ తీరిక ఏడిది?

మల్ల నాకు నేనే వకీలునైన. తెల్లటి గునుగుపువ్వును కట్టలు గట్టి, కొసలు సరిజేసి, ఆకుపచ్చ, గులాబి, నీలం రంగునీళ్లల్ల ముంచి ఆరబెడతం. తంగేడు వరుస మీద అది నిలవడితే ఎంత కళ! దాన్ని ఎవలన్న దొంగపువ్వు అన్నరా? మరి రంగేసిన పాటనే ఎందుకు తిట్టాలె?

వకీలు మాట వకీలు మాటనే. గునుగు ముంచినంక నా వేళ్లకు రంగు వారం దాక పోదు. ఆ పాటల నా వేలు లేదు, ఒట్టి చెవే ఉన్నది.

అందుకే ఇంట్ల వింట, వాకిట్ల పెట్టనియ్య. ఈ ఏడు గుడ డీజే రాదు, నువ్వు పిలగాండ్ల దిక్కు మాట్లాడకు. పెత్రమాస నాడే ఎంగిలిపువ్వు, ఒక దినం ముందుగాలనే బస్సెక్కు. వచ్చేటప్పుడు ఇయర్‌ఫోన్లు కొనుక్క రా, ఉన్నవాటిల ఎడమ చెవికి వినవడతలేదు. మీ తాతకు చెప్పకు.

మీ అమ్మమ్మ