ఫోన్ జేబులోనే ఉంచి మొదలుపెట్టండి

ఫోటోలు తీయడం నేర్చుకోవాలంటే ఏ కెమెరా కొనాలని చాలామంది అడుగుతారు. చేతిలో ఉన్న ఫోన్ చాలు. ఎవరి దగ్గరికి వెళ్తాం, ఎన్నిసార్లు వెళ్తాం అన్నదే ముందు తేల్చుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉన్నవాళ్లకు పొందూరు ఖద్దరు, బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వీణలు, వంశధార ఒడ్డున శాలిహుండం, అన్నీ బస్సు దూరంలోనే ఉన్నాయి. అన్నింటినీ ఒక్కరోజులో చుట్టేయకండి. ఒక ఊరు ఎంచుకుని అక్కడికే మళ్లీ మళ్లీ వెళ్లండి. నన్నడిగితే పొందూరుతో మొదలుపెట్టమంటాను.

మొదటిసారి ఫోన్ జేబులోంచి తీయొద్దు. నూలు వడికే ఇంటి అరుగు మీద కూర్చుని పలకరించండి. పెద్దావిడైతే ‘అమ్మా’ అనండి, మీకన్నా కాస్త పెద్దదైతే ‘అప్పా’ అనండి. ‘ఏ ఊరు బాబూ మీది?’ అని వాళ్లే అడుగుతారు. మీరెవరో, ఫోటోలు ఎందుకో, ఎవరికి చూపిస్తారో అప్పుడే చెప్పేయండి. వద్దంటే బతిమాలకుండా ఊరుకోండి.

రెండోసారి పని వరుస నేర్చుకోండి. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముక నిండా సన్నటి పళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. పత్తిలోని నలకలు పోయి పోగులు తిన్నగా సాగేది వాటివల్లే. ఆ తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం. చుట్టిన ఏకులు మాసిపోకుండా ఎండిన అరటి పట్టలో దాచుకుంటారు. అప్పుడు గానీ రాట్నం దగ్గరికి రారు. ఈ వరుస తెలిస్తే చెయ్యి ఎక్కడ ఆగుతుందో, దారం పట్టుకుని ఎప్పుడు పైకి లేస్తుందో ముందే పసిగట్టగలరు. మంచి ఫోటో దొరికేది అక్కడే.

ఇక ఫోన్ తీయండి. ఫ్లాష్ ఆపేయండి. మనిషిని కదిలించకుండా, తలుపులోంచి వెలుగు వాళ్ల మీద పక్కగా పడే చోటు మీరే చూసుకోండి. మీరూ నేల మీద కూర్చోండి, నిలబడి తీస్తే వాళ్లు చిన్నగా, లోకువగా కనిపిస్తారు. చీకటి గదిలో తెల్లటి పత్తిని ఫోన్ అవసరానికి మించి తెల్లగా చూపిస్తుంది, పోగులన్నీ కలిసిపోతాయి. తెర మీద పత్తి ఉన్నచోట వేలు నొక్కి, వెలుగు కొద్దిగా తగ్గించండి. జూమ్ వాడకుండా దగ్గరికి జరగండి. ముందు చేతులు, తర్వాత పనిముట్లు, ఆ తర్వాత గది. ముఖం చివర. అప్పటికి వాళ్లు మిమ్మల్ని మరిచిపోయి పనిలో పడి ఉంటారు.

పాత చోట్ల దగ్గరా ఓపిక ఇలాగే కావాలి. శాలిహుండం కొండెక్కి చాలామంది ఇటుకల స్తూపం ముందు సెల్ఫీ దిగి వచ్చేస్తారు. మీరు స్తూపమూ నదీ ఒకే ఫ్రేములో పడేచోటు వెతకండి. ఆ నీళ్లు కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి, అక్కడ పాత రేవు ఉండేది. బౌద్ధ భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. పొద్దున్నే వెళ్లండి, ఏటవాలు ఎండలో ఇటుక వరసలు విడివిడిగా కనిపిస్తాయి. కట్టడాల మీదికి ఎక్కొద్దు. దిగాక కొండ కింద ఊళ్లో పెద్దవాళ్లను కలవండి. వాళ్ల ఇంట్లో పాత పెళ్లి ఫోటోలుంటే అక్కడే, నీడలో పెట్టి, ఫోన్‌తో తీసుకోండి. ఇంటికి పట్టుకెళ్లొద్దు.

ఈ శాలిహుండాన్ని 1919లో గుర్తించింది గిడుగు రామమూర్తి. సవర గిరిజనుల భాష నేర్చుకుని నిఘంటువు రాసింది కూడా ఆయనే. దీనికి భిన్నంగా, 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ అనే ఆయన దక్షిణ భారత కులాల, తెగల గురించి ఏడు సంపుటాలు వేశాడు. వాటిలో బొమ్మల కింద చాలావరకు కులం పేరో తెగ పేరో ఉంటుంది గానీ మనిషి పేరు ఉండదు. మనుషుల మాట నేర్చుకున్న గిడుగు దారే మనకు కావాలి. ప్రతి ఫోటోకూ మనిషి పేరు, ఊరు, తేదీ, చేస్తున్న పని ఆరోజే నోటుబుక్కులో రాసుకోండి. వాళ్లన్న మాట వాళ్ల యాసలోనే రాయండి, దిద్దొద్దు. సీతంపేట వైపు సవరల ఇళ్ల గోడల మీది బొమ్మలు పూజకు సంబంధించినవి. ఇంటివాళ్లనూ పూజ చేసే పెద్దనూ అడగకుండా తీయకండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్న మనుషుల దగ్గరికి వెళ్తే, వాళ్లు ఒప్పుకున్నా సరే, మంచం పక్కన కాకుండా తోటలోనో ఇంటి పనిలోనో తీయమని నా మనవి. వాళ్ల జీవితం జబ్బొక్కటే కాదు.

చివరి పని ప్రింట్లు. బాగా వచ్చినవి నాలుగైదు పోస్టుకార్డు సైజులో వేయించి మీరే పట్టుకెళ్లి ఇవ్వండి. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం ఆ తర్వాతే.