విమానానికి ‘ఎర్త్’ ఎక్కడ?

ఇంటి విద్యుత్తుకు ఎర్త్ అంటే నేలలో పాతిన లోహపు కడ్డీ లేదా పలక. నేలను విడిచి ఆకాశంలో సంచరించే విమానానికి ఆ ఎర్త్ ఎక్కడ దొరుకుతుంది? ప్రశ్న చిన్నదే. కానీ ఇంజను నడవడమూ, ఆగడమూ, ఒక్కొక్కప్పుడు మనిషి ప్రాణమూ దాని సమాధానంపై ఆధారపడి ఉన్నాయి.

విమానంలో ఎర్త్ అంటే బ్యాటరీ ఋణధ్రువానికి కలిపిన ఉమ్మడి మార్గం. ధనధ్రువం నుండి బయలుదేరిన ప్రవాహం పని ముగించుకొని తిరిగి చేరవలసిన దారి అది. లోహపు విమానంలో శరీరమే ఆ దారి.

యాంగోన్‌కు ఉత్తరాన ఉన్న మింగలడాన్ విమానాశ్రయానికి ఈ విషయంతో పాత సంబంధమే ఉంది. 1937 జూన్‌లో ప్రపంచాన్ని చుట్టి వస్తున్న అమీలియా ఇయర్‌హార్ట్ విమానం ఋతుపవన వర్షాల నడుమ రంగూనులో దిగింది. 1941లో ఓడలపై పెట్టెలలో వచ్చిన దాదాపు 100 పి-40 యుద్ధ విమానాలను మింగలడాన్‌లోనే కూర్చారు. పి-40 ఇంజనుకు 12 సిలిండర్లు. ఒక్కొక్క దానికి రెండేసి స్పార్క్ ప్లగ్గులు. వాటికి నిప్పురవ్వ నిచ్చేది మాగ్నెటో.

మాగ్నెటోకు బ్యాటరీతో పని లేదు. తిరిగే అయస్కాంతం ప్రాథమిక తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ ప్రవాహం హఠాత్తుగా తెగినపుడు ద్వితీయ చుట్టలో వేలాది వోల్టులు ఉద్భవించి ప్లగ్గు వద్ద రవ్వ రాలుతుంది. దీనిని ఆపాలంటే ప్రాథమిక చుట్టను ఎర్త్‌కు కలపాలి. యాంగోన్‌లో కరెంటు పోయినపుడు దుకాణాల ముందు మ్రోగే చిన్న పెట్రోలు జనరేటర్లలో అనేకం ఆగేది ఈ సూత్రం మీదనే.

ఇందులో ఒక అపాయం దాగి ఉంది. స్విచ్చి నుండి మాగ్నెటోకు వెళ్ళే తీగ తెగితే, స్విచ్చి ‘ఆఫ్’లో ఉన్నా మాగ్నెటో జీవించే ఉంటుంది. విమానపు ఇంజనును సాధారణంగా ఇంధనం కట్టివేసి ఆపుతారు కనుక ఈ లోపం బయటపడదు. తరువాత ఎవరైనా ప్రొపెల్లరును చేతితో కదిపితే, సిలిండరులో మిగిలిన ఇంధనపు ఆవిరి అంటుకొని ప్రొపెల్లరు గిర్రున తిరుగవచ్చు. అందుకే ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా స్విచ్చిని ఒక్క క్షణం ‘ఆఫ్’ చేసి చూస్తారు, ఇంజను తడబడాలి. తడబడకపోతే ఎర్త్ తీగ తెగినదని అర్థం.

బ్యాటరీపై నడిచే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ స్వభావం ఇందుకు విరుద్ధం. అక్కడ ఎర్త్ తెగితే రవ్వ ఆగిపోవచ్చు. స్వయంగా విమానం నిర్మించుకునేవారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన భేదమిదే. ఇంజను రబ్బరు దిమ్మెలపై కూర్చుని ఉంటుంది. రబ్బరు విద్యుద్వాహకం కాదు. కనుక ఇంజనుకూ శరీరానికీ నడుమ రాగి జడ తీగ తప్పనిసరి. 1975లో తొలిసారి ఎగిరిన వేరీఈజీ వంటి గాజునారతో చేసిన విమానాలలో శరీరమే వాహకం కాదు. అక్కడ ఎర్త్‌కు కూడా ప్రత్యేకంగా తీగ లాగవలసిందే.

ఒక లెక్క చూద్దాం. స్టార్టరు 200 ఆంపియర్లు తీసుకుంటున్నది. తిరుగుదారిలోని అతుకు నిరోధం 0.01 ఓమ్ మాత్రమే అనుకుందాం. 200 × 0.01 = 2 వోల్టులు. ఇగ్నిషన్ కూడా అదే అతుకు ద్వారా తిరుగుముఖం పడితే, 12 వోల్టులలో రెండు దారిలోనే హరించుకుపోతాయి. జడ తీగ పూర్తిగా తెగితే స్టార్టరు ప్రవాహం ఇగ్నిషన్ సన్నతీగల గుండా, థ్రాటిల్ కేబుల్ గుండా దారి వెతుక్కొని వాటిని కాల్చవచ్చు. సెన్సారు తీగలు భారీ ప్రవాహంతో దారి పంచుకుంటే సంకేతం చెదరి, రవ్వ పడే వేళ తప్పుతుంది. కాబట్టి తయారీదారు వేరుగా చెప్పనంతవరకు ఎర్త్‌లన్నిటినీ ఒకేచోటికి చేర్చడం ఉత్తమం.

ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్ల వర్షం పడే యాంగోన్ వంటి చోట్ల అతుకులకు తేమ పరమశత్రువు. రాగి, అల్యూమినియం తగిలేచోట తడి చేరితే అల్యూమినియం తినివేయబడుతుంది. పైకి బిగువుగా కనబడే బోల్టు క్రింద నిరోధం పెరుగుతుంది. సాధారణ మీటరు ఇంత స్వల్ప నిరోధాన్ని సరిగా చూపలేదు. వోల్టుమీటరు ఒక కొనను బ్యాటరీ ఋణధ్రువానికి, రెండవ కొనను ఇంజను లోహానికి తగిలించి, ప్రొపెల్లరుకు దూరంగా నిలబడి, స్టార్టరు తిరిగేటపుడు చూడాలి. కొద్ది దశాంశాలకు మించి వోల్టు చూపితే అతుకులు విప్పి, శుభ్రపరచి, మరల బిగించాలి. ఈ పరీక్ష మోటారు కారుకూ వర్తిస్తుంది.

1930 నాటికి రంగూను రేవు కూలీలలో తెలుగువారే అధికం. ఓడను రేవుకు కట్టే మోకు ఎంత గట్టిదైనా ముడి వదులైతే ప్రయోజనం లేదని వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. విద్యుత్తుకూ అదే న్యాయం: తీగ ఎంత లావైనా, దాని బలం అతుకులోనే ఉన్నది.