బ్యాంకులో చేరాలనుకుంటున్న అల్లుడికి



అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి పిలుపు రాలేదని, నాలుగేళ్ల ఆట బూడిదలో పోసిన పన్నీరయిందని అన్నావట. అక్క ఫోన్లో చెప్పి బాధపడింది. నువ్వు పీట్ డాకిన్స్ గురించి తెలుసుకోవాలిరా.

పదకొండో ఏట పోలియో సోకిన పిల్లవాడు. పట్టుబట్టి వ్యాయామాలు చేసి కోలుకుని, వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీలో ఆర్మీ ఫుట్‌బాల్ జట్టుకి హాఫ్‌బ్యాక్ అయ్యాడు. 1958లో అతని కెప్టెన్సీలో జట్టు సీజనంతా ఓటమి ఎరగలేదు. కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అతనికే దక్కింది. అయినా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జోలికే పోలేదు. రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్ వెళ్లి రగ్బీ ఆడాడు. వియత్నాం యుద్ధం, ప్రిన్స్‌టన్‌లో డాక్టరేట్, బ్రిగేడియర్ జనరల్ హోదా, అన్నీ అయ్యాక 1983లో సైన్యం వదిలి లేమన్ బ్రదర్స్ అనే పెట్టుబడి బ్యాంకులో చేరాడు. అప్పటికి 45 ఏళ్లు!

అక్కడ చూసింది పబ్లిక్ ఫైనాన్స్. ఊళ్లూ రాష్ట్రాలూ బళ్లకీ, నీటి పథకాలకీ బాండ్ల మీద అప్పు తెచ్చుకునే వ్యవహారం. జనరల్‌గా పనిచేసినవాడు ఆ వయసులో మళ్లీ ఓనమాలు దిద్దాడు చూడు, నాకు ట్రోఫీ కన్నా అదే గొప్ప. 1988లో న్యూజెర్సీ నుంచి సెనేట్‌కి నిలబడి ఓడాడు. తర్వాత ప్రైమెరికా అనే ఆర్థిక సేవల సంస్థకి అధిపతి అయ్యాడు, సిటీగ్రూప్ ప్రైవేట్ బ్యాంక్‌కి వైస్ చైర్మన్ కూడా.

నీకు ఇరవై రెండు కూడా నిండలేదు. బ్యాంకు ఇంటర్వ్యూలో నీ ఆట సంగతి వాళ్లే ఎత్తుతారు. రెండు మాటలు చెప్పి ఊరుకో. ఈలోగా ఒక పని చెయ్యి. ఎమ్మా అనే సైట్‌లో మున్సిపల్ బాండ్ల పత్రాలు ఉచితంగా దొరుకుతాయి. మీ ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్‌ది ఏదైనా ఉందేమో వెతుకు. మొదటి పేజీల్లోనే పట్టిక ఉంటుంది: ఏ ఏడు ఎంత అసలు తీరుతుంది, వడ్డీ రేటెంత, ఈల్డ్ (అంటే కొన్న ధర మీద వచ్చే రాబడి) ఎంత. వడ్డీకీ ఈల్డ్‌కీ తేడా ఎందుకొచ్చిందో కాగితం మీద లెక్క వేసుకో. అర్థం కాకపోతే మళ్లీ మొదట్నుంచి చదువు. ప్రత్యర్థి జట్టు వీడియోలు అర్ధరాత్రిదాకా తిప్పి తిప్పి చూసినవాడివి, ఆ ఓపిక నీకుంది. చేరాక తెలియనిది అడగడానికి మొహమాటపడకు.

సెక్యూరిటీల రంగంలోకి తొలి మెట్టయిన ఎస్‌ఐఈ పరీక్ష రాయడానికి ఉద్యోగం ఉండక్కర్లేదు, పద్దెనిమిది నిండితే చాలు. ఉద్యోగంలో చేరేలోపే అది రాసెయ్. ఫీజు నేను కడతాను, తేదీ చూసి చెప్పు.

మీ మామయ్య