అంటు ఎవరినుండి ఎవరికి?

పరీక్షాపత్రములు దిద్దు ఉపాధ్యాయునికి చూచివ్రాసినవానిని పట్టుకొనుట కష్టము కాదు. ఒప్పులు ఒకే తీరున నుండుటలో వింత లేదు. చదివినవారందఱును ఒప్పే వ్రాయుదురు. కాని కృష్ణానది అరేబియా సముద్రమున పడునని ముగ్గురు బాలురు వ్రాసినచో, ఆ తప్పు ముగ్గురికిని విడివిడిగా తోచినదని నేను నమ్మను. వారిలో ఒకడు మహాబలేశ్వరమను మాటలో ఒక అక్షరమును జారవిడువగా, వాని వెనుక కూర్చున్నవాడును అదే అక్షరమును జారవిడిచినచో, సంగతి మఱింత తేటపడును. సి. పి. బ్రౌన్ దొరగారు వేమన పద్యముల వ్రాతప్రతులను పెక్కింటిని సమకూర్చి పోల్చిచూచిరి. అట్టి పనిలో లేఖకుల తప్పులే ప్రతుల చుట్టఱికమును తెలుపును. ఒక తప్పు రెండు ప్రతులలో కనబడినచో, ఒకటి రెండవదానినుండియో, లేక రెండును ఒకే మాతృకనుండియో పుట్టినవని పండితులు నిర్ణయింతురు.

ఆసుపత్రులలో ఒక రోగినుండి మఱియొక రోగికి సూక్ష్మజీవులు సంక్రమించిన త్రోవను వైద్యులు నేడు ఈ యుక్తితోనే కనుగొనుచున్నారు.

ఒక జబ్బుతో ఆసుపత్రికి పోయి వేఱొక జబ్బును తెచ్చుకొనుట క్రొత్త సంగతి కాదు. మా తల్లిగారి కాలికి శస్త్రచికిత్స జరిగినప్పుడు గాయము చీముపట్టి, కొన్ని వారములలో మానవలసినది నాలుగు నెలలు పట్టెను. అదే వార్డులో మఱి యిద్దఱికిని అట్లే జరుగగా, అందఱును కట్లు కట్టిన నర్సును అనుమానించిరి. నేనును అనుమానించితిని. ఆమెను వేఱొక వార్డునకు పంపివేసిరి. ఆమె మూలముననే అది వచ్చెనో లేదో తేల్చినవారు లేరు. తరువాతి కాలమున కేంబ్రిడ్జి వృత్తాంతమును చదివినప్పుడు నాకు ఆమె ముఖము జ్ఞప్తికి వచ్చెను.

ఆ వృత్తాంతమిది. 2011వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందలి కేంబ్రిడ్జి పట్టణములోని రోజీ ఆసుపత్రిలో, పసిబిడ్డలను ప్రత్యేకముగా సంరక్షించు 24 పడకల వార్డు ఒకటి యుండెను. ఆఱు నెలల కాలములో అచ్చటి 12 మంది బిడ్డల శరీరములపై ఎమ్.ఆర్.ఎస్.ఏ. అను సూక్ష్మజీవి కనబడెను. ఇది స్టఫిలోకాకస్ ఆరియస్ అను బాక్టీరియాలో మందులకు లొంగని తెగ. సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తివలె కనబడుటచేత దానికి గ్రీకు భాషనుండి ఆ పేరు వచ్చినది. మనుష్యులలో ఇంచుమించు మూడవవంతు మంది ముక్కులలో ఈ బాక్టీరియా ఏ హానియు చేయక కాపురముండును. గాయమునందో రక్తమునందో ప్రవేశించినప్పుడే ప్రమాదము. 1959లో మెథిసిలిన్ అను మందు వాడుకలోనికి రాగా, 1961 నాటికే దానికి లొంగని తెగ ఇంగ్లండులో కనబడినది.

ఈ పండ్రెండుగురును ఒకే గొలుసులోని కడియలా, లేక ఎవరి అంటు వారు వేఱు వేఱు చోట్లనుండి తెచ్చుకొన్నదా? మధ్యమధ్య వార్డులో ఎవరియందును ఆ సూక్ష్మజీవి కనబడని దినములు గలవు. ఏ మందునకు లొంగును, ఏ మందునకు లొంగదు అని చూచు పాత పరీక్షలు ఈ ప్రశ్నకు చాలవు. ఒకే రంగు చొక్కా తొడిగినంత మాత్రమున ఇద్దఱు బాలురు అన్నదమ్ములని చెప్పగలమా?

ఈ బాక్టీరియా దేహనిర్మాణమునకు వలయు సమాచారమంతయు దాని డి.ఎన్.ఏ.లో ఏ, సి, జి, టి అను నాలుగే అక్షరములతో వ్రాయబడియున్నది. ఆ గ్రంథము మొత్తమునకు జీనోము అని పేరు. అందు సుమారు 28 లక్షల అక్షరములు గలవు. ఒక కణము రెండగునప్పుడెల్ల ఆ గ్రంథమంతయు తిరిగి వ్రాయబడవలెను. ఎంత నేర్పుగల లేఖకునికైనను ఎప్పుడో ఒక తప్పు దొరలును. ఈ జాతిలో ఇంచుమించు ఆఱు వారములకు ఒక అక్షరము చొప్పున మార్పు నిలిచిపోవునని లెక్కించిరి. కావున ఇద్దఱు బిడ్డల సూక్ష్మజీవులకు రెండు మూడు అక్షరములే భేదమున్నచో అవి ఇటీవల విడిపోయిన చుట్టములు. వందలకొలది భేదమున్నచో పరాయివి.

1977లో ఇదే కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ సాంగర్ పండితుడు ఈ అక్షరములను చదువుటకు ఒక మంచి విధానమును కనిపెట్టెను. ఒక బాక్టీరియా జీనోము మొదటిసారి పూర్తిగా చదువబడినది 1995లో. నేటి యంత్రములు డి.ఎన్.ఏ.ను చిన్న తునుకలుగా చేసి చదువగా, కంప్యూటరు ఒక తునుక చివరను వేఱొక తునుక మొదటితో సరిపోల్చి కూర్చును. ఒకటి రెండు దినములలో పని ముగియును.

కేంబ్రిడ్జివారు ఇట్లు చదివిచూడగా, ఒకే వంశమునకు చెందిన సూక్ష్మజీవిని మోయుచున్నవారు 12 మంది కాదు, 26 మంది అని తేలెను. అది వార్డు గోడలు దాటి, బాలింతలుండు వార్డునకును అచ్చటినుండి ఊరిలోనికిని పోయినది. అది అంతకు ముందెఱుగని క్రొత్త తెగ. దానికి 2371 అను సంఖ్య నిచ్చిరి.

అయినను అసలు చిక్కు మిగిలియుండెను. వార్డునంతయు శుద్ధిచేసిరి. అంటుగల కడపటి బిడ్డ వెడలిపోయెను. తరువాత 64 దినములకు మఱియొక బిడ్డయందు ఆ సూక్ష్మజీవి తిరిగి కనబడెను! బయటనుండి క్రొత్తగా వచ్చినదనుకొందమా? అక్షరములను చదువగా అది ఆ పాత వంశములోనిదే. గోడలు కడిగినను పోనిది, రోగులు వెళ్లినను వెళ్లనిది, అనుదినము వార్డునకు వచ్చి పోవునది ఏది? 154 మంది సిబ్బందిని పరీక్షించిరి. ఒక్కరియందు ఎమ్.ఆర్.ఎస్.ఏ. దొరకెను. వారినుండి తీసిన 20 గుంపుల సూక్ష్మజీవులను విడివిడిగా చదివిచూడగా, అవి ఆ వంశమునకే చెందినవని స్థిరపడెను.

ఇచ్చట విద్యార్థులు ఒకటి గమనింపవలెను. అక్షరములు చుట్టఱికమును చెప్పునుగాని, ఎవరు ఎవరికి ఇచ్చిరో తమంతట తాము చెప్పజాలవు. చూచివ్రాత సంగతిలో ఎవడెచ్చట కూర్చున్నాడో నేను చూడవలసినట్లే, వైద్యులును ఏ బిడ్డ ఏ దినమున ఏ పడకపై నుండెనో రిజిస్టరులలో చూడవలెను. రెండును కలిసినప్పుడే సాక్ష్యమగును. మఱియు ఈ సాక్ష్యము నిర్దోషులను విడిపించుటకును పనికివచ్చును. ఇదియే నాకు ఎక్కువ విలువగలదిగా తోచుచున్నది. చోటును కాలమును బట్టి అనుమానింపబడినవాని సూక్ష్మజీవి వందల అక్షరములు వేఱుగా నున్నచో, వానిపై నింద నిలువదు. మన పాఠశాలలో చదివి నర్సు శిక్షణకు పోగోరు బాలికలకును, వారి తల్లిదండ్రులకును ఇది తెలిసియుండుట మంచిది. ఈ సూక్ష్మజీవిని ముక్కులో మోయువారికి సాధారణముగా నొప్పియు నుండదు, జ్వరమును రాదు. అంటు మోయుట వేఱు, అజాగ్రత్త వేఱు.

కేంబ్రిడ్జిలోని ఆ ఉద్యోగిని కొంతకాలము రోగుల పనినుండి తప్పించి, చికిత్సచేసి, ఆ సూక్ష్మజీవిని పోగొట్టిరి. 2013లో ఈ పరిశోధన ఒక లాన్సెట్ వైద్యపత్రికలో అచ్చుపడెను. అందు ఆ ఉద్యోగి పేరు లేదు.