పుట్టినరోజుకు అప్పు వద్దు

ప్రశ్న: మా పాప ఏడో పుట్టినరోజు వస్తోంది. ఫంక్షన్ హాలు, భోజనాలంటే అప్పు చేయక తప్పేలా లేదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, జగ్గయ్యపేట

జవాబు: అప్పు వద్దమ్మా. ఎంత పెట్టగలరో ముందే రాసుకుని, ఆ డబ్బు వేరుగా తీసి పెట్టండి. పొద్దున్నే పులిహోర, దద్దోజనం కట్టుకుని వేదాద్రి వెళ్లండి. నరసింహస్వామి దర్శనం, కృష్ణ ఒడ్డున కాసేపు ఆటలు రెండూ దక్కుతాయి. పిల్లల్ని మాత్రం ఒంటరిగా నీళ్లలోకి దిగనివ్వకండి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకూ పాపకూ ప్రయాణం ఉచితం. ఆధార్ వెంట ఉంచుకోండి. సాయంత్రం ఇంట్లోనే పాప స్నేహితుల్ని పిలిచి కేక్ కోయించండి. రేపటి నుంచే నెలకు 300 రూపాయలు పక్కన పెట్టండి. వచ్చే ఏడాది పుట్టినరోజుకు 3,600 చేతిలో ఉంటాయి.